పార్సల్ గాదు, పోశవ్వ

ఏంది బిడ్డా, ఇంకా రాలేదా నీ పార్సల్? పొద్దటి సంది ఫోను సూస్తవు, గేటు సూస్తవు, మల్ల ఫోను సూస్తవు. వస్తది తియ్. ఈ కొత్త కాలనీల సందులు ఈడ పుట్టినోనికే ఎర్కయితలేవు, ఎన్నడు సూడని ఆ పిలగానికేం ఎర్కయితయ్. రా, గిట్ల నీడకు కూసో. నాకైతె ఈ పార్సల్ అన్న మాట ఇంటె నవ్వొస్తది అంకితా. ఇప్పుడు అన్నిటికీ గదే మాటాయె. బిర్యానీ తెస్తె పార్సల్, చీర తెప్పిస్తె పార్సల్, చెప్పుల జత వస్తె పార్సల్. మొన్న రావల్కోల్ పెండ్లిల బువ్వ తిని చెయ్యి కడుక్కుంటుంటె ఒక పిలగాడొచ్చి, "తాతా, ఇంటికి జెర పార్సల్ కట్టాల్నా" అని అడిగిండు. మా కాలంల గట్ల అడిగితె సిగ్గుతోని సస్తుంటిమి. ముసలోల్లు లడ్డూ కొంగుల దాసుకొని, ఎవలన్న సూస్తాన్రా అని నాలుగు దిక్కుల సూసుకుంట పోదురు. ఇప్పుడు సక్కగ కవర్ల ఏసి, రబ్బరు బెట్టి, చేతికిస్తాన్రు. మంచిగనే ఉంది, నేనేం తప్పంటలే. బస్టాండు కాడి హోటలోడైతె నేను బల్ల మీద కూసున్నంక గూడ "పార్సలా?" అంటడు. అరే, కూసున్న గదరా, కనవడ్తలేనా? మీ అమ్మకు కోపమొస్తె నిన్నేమంటది? "అత్తగారింటికి పార్సల్ జేస్త నిన్ను" అనదా? నవ్వకు. మనుషులను గూడ పార్సల్ జేస్తాన్రు ఇప్పుడు.

మా దినాలల్ల పార్సల్ అంటె ఒక్కటే. మేడ్చల్ టేషన్‌ల పార్సల్ ఆఫీసు. ఇప్పుడు పోయి ఎతికితె నీకేం దొరకదు, గప్పుడు సన్న పట్టాల బండి నడుస్తుండె, ఇంజను పొగ ఇడుసుకుంట వస్తుండె. రైలు మీద ఏదన్న పంపాల్నంటె గోనెసంచిల కుట్టాలె, సిరాతోని ఊరి పేరు రాయాలె, తూకం ఎయ్యాలె, లక్క ముద్ర పడాలె. ముద్ర పడ్డదే పార్సల్. ముద్ర పడంది మూట. సేతుల పట్టుకొని ఎక్కితె సామాను. గన్ని పేర్లుండె, ఎవలి పేరు వాల్లదే. ఎండాకాలం ముంగట అంగూర్ పెట్టెలు, గదే ద్రాక్షలు, వస్తుండె సూడు, గిన్ని కావు. నీకు తెల్వది గని ఇప్పుడు నువ్వు కూసున్న ఈ జాగ, గా అపార్ట్‌మెంట్లు, గా స్కూలు, అన్ని అంగూర్ తోటలే. పెట్టెల కాగితపు ముక్కలు నింపి, గుత్తులు పండబెట్టి, మూత మీద మొలలు కొట్టి పంపుతుండె. నేను హమాలీ గదా, ఆ పెట్టెలు మోసీ మోసీ నా భుజం ఇంత పొక్కి పోయేది. అంగూర్ మాత్రం తిననీకి మనసొచ్చేది గాదు, వాసనకే మొగం కొట్టేది.

గాడ మాకు పెద్ద హమాలి సత్తయ్య. పార్సల్ సత్తయ్య అనే అందురు అందరు. నాకన్న పెద్దోడు, నేను సత్తన్నా అంటుంటి, నన్ను గండీ అంటుండె. గండయ్య అని పూర్తిగ ఎన్నడు పిల్వలే. ఎత్తు మనిషి, చెవులకు పోగులు, నోట్ల ఎప్పుడు ఆకు. కోపం మస్తు. బండి ఆగినంక ఎవడన్న సుస్తు జేస్తె నోటికొచ్చినట్టు తిడుతుండె. పెండ్లాం తొందరగనే పోయింది, పిల్లలు లేరు. టేషన్‌ల పనిజేసెటోడని బండ్ల ఎవలు అడ్డం జెప్తలేకుండె, నెలకు ఒకపారో రెండుపార్లో నిజామాబాద్ దిక్కు పోయి వస్తుండె. ఇగ మేడ్చల్‌ల అందరు వానిని పట్టుకుంటుండె. "సత్తన్నా, మా బిడ్డది డిచ్‌పల్లి, గీ సకినాలు జెర ఇయ్యవా." "సత్తయ్యా, మా తమ్మునికి గీ మందుసీస." ఇస్తుండె. ఇచ్చి, ఇంట్ల మంచిగున్నరా అని అడిగి, ఆ మంచి చెడు మల్ల ఈడికొచ్చి సెప్తుండె. గదే వాని గొప్ప. ఇప్పుడు నీ ఫోన్‌ల 'డెలివర్డ్' అని వస్తది సూడు, వాడైతె గట్ల కాదు, "మీ బిడ్డ జెర సన్నవడ్డది, అత్త మంచిదే గని మామ పెడసరి" అని ఇంత ముచ్చట సెప్పి పోతుండె.

ఇంకోటి గూడ జేస్తుండె. ఎవలన్న సస్తె బొక్కలు గంగల కలపాలె గదా. బాసరకు పోవాలె, గోదారిల ఇడువాలె. పోయే తాకతు లేనోల్లు, పోనీకి మొగదిక్కు లేనోల్లు సత్తన్న చేతికి కుండ ఇస్తుండె. వాడు తీసుకునెటప్పుడు ఒక్కటే అడుగుతుండె, "ఏమని పిల్వాలె?" అని. అంటె సచ్చిపోయినోల్లు తనకు ఏం కావాలె, అత్తనా, సిన్నమ్మనా, అక్కనా. వాల్లు సెప్పినంక ఇగ గదే వరస. బండ్ల ఆ కుండను మీది సామాన్ల అర మీద పెట్టడు, కింద పెట్టడు. ఒళ్లె పెట్టుకొని కిటికి కాడ కూసుంటడు. నా కండ్లతోని సూసిన. "మనోహరాబాద్ వచ్చింది సిన్నమ్మా. మాసాయిపేట్ వచ్చింది." పక్కపొంటి కూసున్నోల్లు లేసి పోతుండె. ఒకపారి కొత్తగ వచ్చిన పార్సల్ సారు గేటు కాడ ఆపిండు. ఆయనది కోస్తా దిక్కు, మర్యాదస్తుడే. "ఏమయ్యా సత్తయ్యా, ఆ పార్సల్ తూకం వెయ్యకుండా పట్టుకెళ్ళిపోతున్నావేం?" అన్నడు. సత్తన్న, "పార్సల్ గాదు సార్, మా బావ" అన్నడు. సారుకు సమజ్ గాలే. నేను చెవుల సెప్పిన. పాపం ఆయన రెండడుగులు ఎనకకు వోయి చేతులు కట్టుకొని నిలవడ్డడు. తర్వాత నన్ను పిలిచి, "అలాంటప్పుడు ముందే చెప్పాలి కదయ్యా" అని నన్ను తిట్టిండు. నేనేం జేసిన్నే మధ్యల?

సరె, పోశవ్వ ముచ్చట సెప్తున్న గదా. ఇంకా మొదలువెట్టలేదా? అవునా. పోశవ్వ అంటె టేషన్ ఎనక గల్లిల ఉండె. ఆమె కొడుకు పరమేశ్ అంగూర్ తోటల పని జేస్తుండె. ఆమె ఎండాకాలం వస్తె మామిడికాయ తొక్కు పెడుతుండె, మా హమాలోల్లందరికీ ఇంతింత పెట్టేది. పరమేశ్‌కు ఒక్కతే బిడ్డ, లత. ఆ పిల్లను సాదింది పోశవ్వనే. తల దువ్వుడు, నీళ్లు పోసుడు, పక్కల పండవెట్టుకునుడు, అన్ని. లతను కామారెడ్డికి ఇచ్చిన్రు. మొదటి కాన్పు ఈడనే అయ్యింది, పిల్ల దక్కలే. రెండో కాన్పు ఇగ మేమే జేసుకుంటమని అత్తగారోల్లు పంపలే. కొడుకు పుట్టిండని సత్తన్ననే ముచ్చట మోసుకొచ్చిండు. పోశవ్వ సంబురం సూడాలె, ఇంటింటికి పోయి శక్కెర పెట్టింది. పెట్టిన నాలుగొద్దులకే మంచం పట్టింది. జెరమో ఏందో, లేవలేదు.

గదే టైంల పరమేశ్ ఎడ్లబండి మీదకెల్లి పడి కాలు ఇరిగింది, తొడ దాంక కట్టు. తల్లీకొడుకు చెరో మంచం. సత్తన్న, నేను కలిసి సూడపోతె ఆమె నన్ను సూడనే సూడలే. వాని చెయ్యి పట్టుకున్నది. "సత్తిగా, నన్ను కామారెడ్డికి తీస్కపోరా. మనుమరాలి కొడుకును ఒక్కపారి సూసి, ఉయ్యాల ఊపి, వచ్చే బండికే వస్త" అన్నది. పరమేశ్ ఇటు మంచం మీదకెల్లి, "నా కట్టు ఇప్పినంక నేను తీస్కపోత గదనే అమ్మా" అంటాండు. సత్తన్న అన్నడు, "నువ్వు లేసి కూసో పోశక్కా, నేను తీస్కపోత." ఆమె లేవనీకి సూసింది. లేవలేకపాయె. "రేపు" అన్నది. గంతే. ఆ రేపు రాలే.

పరమేశ్‌ను నలుగురు పట్టుకుంటె అమ్మకు నిప్పు వెట్టిండు. ఇగ లతకు సెప్పాల్నా వద్దా అని కొట్లాట. కామారెడ్డి నుంచి లత మామ ఒక్కడే వచ్చి పోయిండు. పోతుంటె గట్టిగ సెప్పిండు, "బాలింత, సెప్పొద్దు. ఏడ్సిందంటె పాలు ఇంకిపోతయ్. మాకు ఒకపారి దెబ్బ తాకింది, మల్ల తాకనియ్యం. ఇరవయ్యొక్క దినాలు అయినంక మెల్లగ మేమే సెప్తం." అదీ ఆయన జెప్పింది. అప్పుడు అందరు గట్లనే జేస్తుండె, బాలింతకు సావు కబురు సెప్పకపోతుండె. నేనైతె సరే అనుకున్న. పరమేశ్ పెండ్లాం ఏం జేసిందంటె, పోశవ్వ సావక ముందు పెట్టిన తొక్కు జాడి ఒకటుండె, లత కోసమని తీసి పక్కకు పెట్టింది. "గిది పంపుదాం, అవ్వనే పంపిందని సెప్పమందాం, పిల్లకు అనుమానం రాదు" అన్నది. బాలింత పుల్లటిది తినదు గని, ఇంట్ల ఉంటది గదా. పోశవ్వ ముతక చీర ఒకటి చింపి సగం జాడికి కట్టింది, సగం బొక్కల కుండకు కట్టింది. చూడనీకి రెండు మూటలు ఒక్క తీరే. సత్తన్నకు ఇచ్చి సెప్పిన్రు, "జాడి కామారెడ్డిల లతకు ఇయ్యి, అవ్వ మంచిగుందని సెప్పు. కుండ బాసరకు తీస్కపో." వాడు తల ఊపిండు. ఏమని పిల్వాలె అని అడగలే ఆ పొద్దు. వానికి ముందుగాలనే అక్క గదా ఆమె.

బండి వచ్చింది. ఆ రెండు మూటలు కిటికిలకెల్లి అందిచ్చింది నేనే. యాది పెట్టుకో బిడ్డా గీ మాట. నేనే అందిచ్చిన.

ఇగ మూడొద్దులకు ఊరంత ఒకటే లొల్లి. సత్తయ్య కామారెడ్డిల దిగి జాడికి బదులు కుండ ఇచ్చిండంట. తెల్లారి మల్ల పోయి, "అమ్మా, పొరపాటైంది, మూట మారింది, ఇది తీసుకొని అది ఇయ్యిండ్రి" అన్నడంట. లత అత్త హుషారు మనిషి, "తొక్కు మూటకు తొక్కు మూట ఎందుకు మార్తవయ్యా" అని ముడి ఇప్పింది. లోపట బొక్కలు. పసిపిల్లోడు ఉన్న ఇంట్ల, ఉయ్యాల కాడ, ఒక్క రాత్రి మొత్తం. నువ్వు జెర ఆలోచన జెయ్యి, వాల్లకెంత పరేషాన్ అయ్యుంటది. ఇల్లంత కడిగిన్రు, పసుపునీళ్లు చల్లిన్రు, అయ్యగారిని తెచ్చిన్రు. ఆ పొద్దే పిలగానికి ఒళ్లు ఎచ్చవడ్డది. "ముసల్ది పట్టింది, ముసల్ది పట్టింది" అని అత్త రొమ్ము కొట్టుకున్నదంట. డాక్టర్ సుక్కల మందు పోస్తె రెండొద్దులకు తగ్గింది. తగ్గకపోతె ఏమయ్యేటిదో నేను సెప్పలేను. సత్తన్నను ఆడ కొట్టిన్రు కూడ. నోటికాడ పగిలి వచ్చిండు. వచ్చేటప్పుడు బాసర పోయే వచ్చిండు, పోశవ్వను గంగల కలిపే వచ్చిండు. కలిపినంకనే ఇంటి మొగం సూసిండు.

పరమేశ్ ఇరిగిన కాలుతోని, ఇద్దరి భుజాలు పట్టుకొని, టేషన్ దాంక కుంటుకుంట వచ్చిండు. అందరి ముంగట, "నా తల్లిని నీ చేతుల పెడితె తొక్కు జాడి అనుకుంటివారా" అన్నడు. సత్తన్న, "పొరపాటైంది పరమేశా" అన్నడు. ఇంకేం అనలే. గంత కోపమున్న మనిషి. ఎవలడిగినా గదే మాట, పొరపాటైంది. గంతె, ఊరు వానిని ఇడిసిపెట్టింది. కుండలు ఎట్లా ఇయ్యరు, సకినాలు గూడ ఇచ్చుడు బంద్. చాయ దుకాండ్ల వానికి వేరే గిలాస పెట్టిండు ఒగడు, నేను లొల్లి వెట్టుకొని ఆ గిలాస బయట పారేసిన. పార్సల్ సత్తయ్య అని పిలిసెటోల్లు గూడ ఇగ నవ్వుకుంట పిలుస్తుండె, "ఏం పార్సల్, మూట మార్చినవా?" అని. గా మాట వాని పానం మీదికి తెచ్చింది, నేను సూసిన.

నేనడిగిన వానిని. ఒకటి గాదు, ఎన్నోపార్లు అడిగిన. ఎందుకంటె ఆ రెండు మూటలు ఎత్తి అందిచ్చింది నేను. తొక్కు జాడి అంటె పింగాణిది, నూనెతోని నిండి ఉంటది, రెండు చేతులతోని ఎత్తిన. కుండ ఏముంటది? పిట్ట లెక్క ఉంటది. కండ్లు మూసుకొని పట్టుకున్నా ఎర్కయితది. జన్మంత బస్తాలు మోసిన హమాలి, బరువు తెల్వక మూట మారుస్తడా? "సత్తన్నా, ఊరికి నువ్వు ఏమన్న సెప్పుకో, నాకు నిజం సెప్పు. నువ్వు తెలిసే జేసినవు" అన్న. "పొరపాటైంది గండీ" అన్నడు. నాకు ఇంత కోపమొచ్చింది. నాకు సెప్తె ఏం పోయింది వానికి? నేనెవలికి సెప్తుంటి? కొన్నొద్దులు మాట్లాడలే నేను. ఇప్పటికి గూడ నాకు కోపమే ఆ ముచ్చట మీద. ఇంకోటి సెప్తున్న, నీకు తప్పనిపిస్తె అనిపించనీ, వాడు జేసింది తప్పే. పసిపిల్లోని కాడ గట్ల పెట్టొచ్చునా? ముసలామె అడిగింది నిజమే, వాడు తీస్కపోత అన్నది నిజమే, కని పిలగానికి ఏమన్న అయితె? గిదే అంటున్న నేను. తీస్కపోయిండు, అన్న మాట నిలవెట్టుకున్నడు, సరె. తప్పు తప్పే.

తర్వాత పట్టాలు మార్చిన్రు, పెద్ద బండి వచ్చింది, పార్సల్ ఆఫీసు మూతవడ్డది. సత్తన్న ముసలోడై, ఒక్కడే, టేషన్ ఎనక రేకుల రూంల ఉండె. ఒక పొద్దు పోయి సూస్తె సల్లవడి ఉన్నడు. మేమే హమాలోల్లం కాలవెట్టినం. బొక్కలు ఏరి కుండల ఏసి, టేషన్ కంచె కాడి తుమ్మచెట్టుకు కట్టినం. నాకు అప్పుడు మోకాళ్లు పోయినయ్, నేను పోలేను. ఎవలు పోవాలె బాసర? ఒకని మొగం ఒకడు సూస్తాన్రు. గట్ల సూస్తుంటె కామారెడ్డి నుంచి లత దిగింది. ఎవలు కబురు జేసిన్రో. ఎంట కొడుకును తెచ్చింది, మీసాలొచ్చినయ్ వానికి. సక్కగ చెట్టు కాడికి వోయి కుండ దించుకున్నది. పరమేశ్ అప్పటికి ఉన్నడింకా, కట్టె పట్టుకొని వచ్చిండు. "నీకు ఏమైతడే వాడు, నువ్వెందుకు ముట్టుకుంటున్నవ్" అన్నడు. లత ఏమన్నదో ఎర్కనా? "మా అవ్వకు తమ్ముడు గదనే బాపూ" అన్నది. "నువ్వు రా గండి తాతా, తోడుండు" అని నన్నెక్కించింది, పిలగాడు నన్ను ఎత్తి ఎక్కించిండు.

బండ్ల కుండ ఒళ్లె పెట్టుకొని కూసున్నది. మనోహరాబాద్ దాటినంక తనే మొదలువెట్టింది. "తాతా, ఆ పొద్దు ఆయన గడప కాడ నిలవడి, మూట నా చేతుల పెట్టి, వంటింట్ల పెట్టకు బిడ్డా, ఉయ్యాల కాడ పెట్టు అన్నడు. అవ్వ ఎట్లుందంటె మంచిగుంది అని సెప్పలే. వచ్చింది అన్నడు. పట్టుకోంగనె నాకు ఎర్కయింది. అవ్వ తొక్కు జాడి నాకు తెల్వదా, చిన్నప్పటి సంది ఎత్తి దించిన జాడి. ఎవలికి సెప్పలే. తలుపు దగ్గరికేసి, ఆ మూట మీద చెయ్యి పెట్టుకొని, ఉయ్యాల ఊపుకుంట ఏడ్సిన తాతా. పాలు ఇంకిపోలే" అన్నది. మల్ల అన్నది, "తెల్లారి అత్త నన్నే అడిగింది, నీకు ఎర్కనా, ఎర్కుండే పెట్టుకున్నవా అని. ఎర్కనే అంటె ఆ పొద్దే నన్ను మేడ్చల్‌కు తోలుదురు, పిలగానిని నాకు ఇయ్యకపోదురు. సత్తయ్య తాత నడుమ పడ్డడు. ఆ పిల్లకేం ఎర్క అమ్మా, నేనే గుడ్డోన్ని, పొరపాటైంది అన్నడు. కొట్టినా గదే అన్నడు." చూసినవా అంకితా. గందుకే వాడు నాకు గూడ సెప్పలే. ఒక్కనికి సెప్తె ఇద్దరికి తెలుస్తది, ఇద్దరికి తెలిస్తె కామారెడ్డి దాంక పోతది. ఆ పిల్ల కాపురం నిలవాలె గదా. నేనేమో వానితోని మాటలు బంద్ వెట్టి తిరిగితి.

కామారెడ్డిల దిగినం. బాసర బండి ఉన్నా ఎక్కలే, ఒక్క రాత్రి ఉండి పోదామన్నది. ఇంటి కాడికి పోయినంక నేను గడప బయటనే ఆగి, "లోపటికి వద్దు బిడ్డా, చెట్టుకు కడ్దాం" అన్న, పెద్దోన్ని గదా సెప్పాలె. అప్పటికి అత్త లేదు, మామ ఉన్నడు, మంచంల. లత ఆయన ముంగటికెల్లే కుండ పట్టుకొని లోపటికి పోయింది. "మామా, సత్తయ్య తాత వచ్చిండు" అని సెప్పింది. ఆమె పీట ఏసి, పీట మీద చాప పరిసి, దాని మీద కూసోవెట్టింది కుండను. చెంబుల నీళ్లు తెచ్చి ముంగట పెట్టింది, ఇంటికొచ్చినోనికి పెట్టినట్టు. కొడుకుతోని దండం పెట్టించింది. నాకు అప్పుడు ఆగలే బిడ్డా, ఏడ్పొచ్చింది. ఆ లొల్లి అయినంక మేడ్చల్‌ల వానిని ఒక్క ఇంట్ల పీట ఏసి కూసోమన్లే ఎవలు. సచ్చినంక కూసున్నడు.

...

ఏం లే. పాలు పొంగుతున్న వాసనొస్తాంది, మీ అమ్మ పొయ్యి మీద పెట్టి మరిసినట్టుంది, జెర పోయి సూడు.